చెవి వెనక కావలి

డాక్టర్ ఎస్తేరు ఇచ్చిన కాగితంలో ఇరవై ఆరు ప్రశ్నలున్నాయి. పడకగదిలో వెలుతురు ఎంత, దిండు ఎంత ఎత్తు, కాఫీ రోజుకెన్నిసార్లు, ఆఖరి కాఫీ ఎన్నింటికి, పక్క మీదికెక్కాక ఫోను చూస్తారా, కిటికీ ఏ దిక్కున ఉంది. ఇందుమతి అన్నిటికీ గుండ్రటి అక్షరాల్లో జవాబులు రాసింది. పధ్నాలుగు రోజుల నిద్ర వివరాలు వేరే నోటుబుక్కులో గళ్ళు గీసి మరీ తెచ్చింది. ఆ గళ్ళు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంత శుభ్రంగా మా దగ్గర పనిచేసేవాళ్ళు కూడా రాయరండీ," అంది.

పొగడ్త బాగానే ఉంది. ఇందుమతికి కావలసింది మాత్రం నిద్ర.

నాలుగేళ్ళుగా ఆమెకు నిద్ర సరిగా లేదు. జాజికాయ పొడి వేసిన పాలు తాగింది, అరికాళ్ళకి ఆముదం రాసుకుంది, బిళ్ళలు మింగింది. బిళ్ళలు మింగిన మర్నాడు బుర్రని గుడ్డలో చుట్టినట్టుండేది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం మామూలైపోయింది. నెల క్రితం గ్యాసు తిప్పి, వెలిగించడం మర్చిపోయి, పెరట్లో బట్టలు ఆరేసుకుంటూ ఉండిపోయింది. పక్కింటావిడ వాసన పట్టి గోడ మీంచి అరవకపోతే ఏమయ్యేదో. ఆ భయమే ఆమెను సిరిపురంలో మేడ మీదున్న ఈ ప్రయోగశాలకి తీసుకొచ్చింది. పన్నెండు మంది మీద చేస్తున్న ప్రయోగంలో ఆమె ఏడో మనిషి.

"పదింటికి పక్క ఎక్కుతున్నారు, ఐదున్నరకి దిగుతున్నారు. ఏడున్నర గంటలు. అందులో నిజంగా పడుకున్నది సగటున నాలుగు గంటల నలభై నిమిషాలు. మిగతాదంతా..."

"దొర్లడం," అంది ఇందుమతి.

"అందుకని ఇవాళ్టి నుంచి మీకు పక్క ఐదు గంటలే. ఎన్నింటికి లేవాలి?"

"కుళాయి ఐదున్నరకి వస్తుందండీ."

"అయితే పన్నెండున్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తారు. అంతకు ముందు నడుం వాల్చకూడదు, తర్వాత పక్క మీద ఉండకూడదు."

"నిద్ర లేదు మొర్రో అని వస్తే ఉన్నది కూడా కోసేస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. "పాలు తోడుపెట్టిన గిన్నెని మీరు గంటకోసారి కదుపుతారా?"

"ఎందుకు కదుపుతాను? పెరుగు తోడుకోదు."

"మీరు చేస్తున్నది అదే. సాయంత్రం సోఫాలో కాస్త, బస్సులో కాస్త, పక్క మీద కాస్త. కదపకుండా రోజంతా ఉంచితే రాత్రికి గట్టిగా తోడుకుంటుంది. వారంలో పక్క మీదున్న టైములో నూటికి తొంభై పాళ్ళు నిద్రపోయారనుకోండి, ఒక పావుగంట కలుపుతాం. అలా వారానికి పావుగంట. ఈ పద్ధతి పాతదే. చిక్కల్లా ఏంటంటే, పన్నెండున్నర దాకా మేలుకోవడం ఎవరి తరమూ కాదు. దానికోసమే ఇది."

చిన్న డబ్బా తెరిచి చూపించింది. అందులో చింతగింజంత బిళ్ళలు రెండున్నాయి. ఒకటి చెవి వెనక అంటించుకుంటే రెండోది డబ్బాలో చార్జి అవుతుంది. ప్రయోగశాలలో దాన్ని కావలి అంటారు. అది నిద్రను తెచ్చిపెట్టదు. వేళ కాని వేళ వచ్చే నిద్రను గుమ్మంలోనే ఆపుతుంది, ఎన్నిసార్లు ఆపిందో గుర్తు పెట్టుకుంటుంది.

"మూడు వారాలు వరసగా ఎనభై ఐదు కంటే తగ్గితే మిమ్మల్ని ప్రయోగంలోంచి తప్పించాల్సి వస్తుంది," అంది డాక్టరమ్మ కాగితాలు సర్దుతూ. "మీ వెనక వందమంది ఎదురుచూస్తున్నారు. ఇంకొకటి, ఆ ఐదు గంటల్లో మిమ్మల్ని ఎవరూ లేపకుండా చూసుకోండి."

ఇందుమతి నోరు తెరిచింది. ఇంట్లో అత్తగారి గురించి బయటివాళ్ళ దగ్గర చెప్పడం ఆమెకు అలవాటు లేదు. కాగితంలో కూడా దాని గురించి ఎవరూ అడగలేదు. నోరు మూసుకుని డబ్బా సంచిలో పెట్టుకుంది.

కావలి పని ఏమిటో మొదటి మధ్యాహ్నమే తెలిసింది. మూడింటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే రెప్పలు బరువెక్కాయి. చేతిలో కాయ జారబోయింది. సరిగ్గా అప్పుడే చెవి వెనక ఎవరో తడివేలు పెట్టినట్టయింది. అంతే, నిద్ర ఎగిరిపోయింది. నొప్పి లేదు, ఉలికిపాటూ లేదు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ తడివేలు. తొమ్మిదింటికి వరసగా ఏడెనిమిదిసార్లు. పదకొండింటికి ఆమెకు ఏడుపొచ్చింది. గోడకి తల కొట్టుకున్నా నిద్ర రాదు, నిద్ర తప్ప మరో ఆలోచనా రాదు. పన్నెండున్నరకి కావలి ఊరుకుంది. ఇందుమతి మంచం మీద పడటం వరకే ఆమెకు గుర్తుంది.

"ఇందూ!"

పక్కగదిలోంచి అత్తగారు పైడితల్లమ్మ గొంతు. గోడ గడియారంలో ఒకటీ యాభై.

"ఏం కావాలత్తయ్యగారూ?"

"తెల్లారిందేటే?"

"లేదండీ, పడుకోండి."

మూడుంబావుకి మళ్ళీ. "ఇందూ! పాలవాడు అరిచినట్టుంది, సూడు." నాలుగున్నరకి మళ్ళీ. "ఇందూ! సన్యాసి వచ్చాడా ఇంటికి?"

ఎప్పుడో వచ్చిన ఆవిడ కొడుకు సన్యాసిరావు ఇందుమతి పక్కనే గుర్రు పెడుతున్నాడు. ఆ గుర్రు లయ కూడా తప్పలేదు.

మొదటి వారం డెబ్బై రెండు వచ్చింది. రెండో వారం అరవై తొమ్మిది.

"ఏం జరుగుతోందండీ?" అనడిగింది డాక్టర్ ఎస్తేరు తెర మీద గీతలు చూపిస్తూ. "నిద్రలోకి మాత్రం రాయిలా పోతున్నారు. మళ్ళీ ఈ మెలకువలేంటి?"

"అదేనండీ, మెలకువ వచ్చేస్తోంది," అంది ఇందుమతి.

"ఇంకొక్క వారం. అప్పటికీ ఇంతే అయితే నేనేం చేయలేను."

మర్నాడు ఉప్మా ప్లేటు భర్త ముందు పెడుతూ విషయం తేల్చేద్దామనుకుంది. సన్యాసిరావు పాలిటెక్నిక్ కాలేజీలో డ్రాయింగు మాస్టారు. మంచివాడే. కూర బాగుంటే బాగుందంటాడు, బాగోకపోయినా తింటాడు.

"రాత్రి మీ అమ్మగారు పిలిస్తే ఈ ఒక్క వారం మీరు లేవాలి."

"వినపడితే లేవనా ఇందూ? మా అమ్మ కాదూ! నాకు వినపడదు. నా చెవులే అంత."

"కాలేజీలో వెనక బెంచీలో పిల్లాడు గొణిగితే వినపడుతుందిగా."

"అది మెలకువలో." ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తిన్నాడు. "అయినా అసలు చిక్కు నీ దగ్గర లేదు, అమ్మ దగ్గరుంది. పగలంతా కుర్చీలో కునుకు తీస్తే రాత్రి నిద్రెలా పడుతుంది? పగలు కాస్త మాటల్లో పెట్టి కూచోబెట్టు. దానికి పెద్ద సైన్సేం అక్కర్లేదు."

ఆ మాట అనేసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇందుమతికి మండింది. అయినా మాట మాత్రం తప్పు కాదనిపించింది. ఆమె డిగ్రీలో కెమిస్ట్రీ చదువుకుంది, కొలవనిదే ఏదీ నమ్మదు. కొత్త నోటుబుక్కు తీసి, ఆ రోజంతా అత్తగారి కునుకులు రాసింది. పొద్దున్న టిఫిను అయ్యాక నలభై నిమిషాలు. పేపరు చేతిలో ఉండగా పాతిక. భోజనం తర్వాత రెండు గంటలు. సాయంత్రం వరండాలో గంట. అన్నీ కలిపితే రోజుకి నాలుగు గంటల ఐదు నిమిషాలు.

"మధ్యాహ్నం పడుకోకండత్తయ్యగారూ, రాత్రి నిద్ర పట్టదు."

"నేనెప్పుడు పడుకున్నానే?"

"ఇప్పుడే. గంటంబావు."

"కళ్ళు మూసుకుంటే నిద్రేటే? వెలుతురు గుచ్చుకుంటోందని మూసుకున్నాను. వీధిలో కూరగాయల బండి వెళ్ళింది, విన్నాను కాదా?"

"బండి ఇవాళ రాలేదండీ."

"అయితే నిన్న విన్నాను."

చింతపండు పిక్కలు తీయమని పళ్ళెం ముందు పెట్టింది. పళ్ళెం ఒళ్ళో ఉండగానే పెద్దావిడ తల వాలిపోయింది. టీవీ గట్టిగా పెట్టింది. టీవీలో అత్తాకోడళ్ళు అరుచుకుంటుంటే ఆ జోలకి ఇంకా హాయిగా పడుకుంది. వారంలో అప్పుడే రెండు రోజులు గడిచిపోయాయి. డబ్బా మీద నంబరు అరవై ఎనిమిది.

మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి, డబ్బాలో చార్జి నిండిన రెండో బిళ్ళ పచ్చగా వెలుగుతూ కనిపించింది.

ఇందుమతి చాలాసేపు దాని వంకే చూసింది. తన చెవి వెనకున్నది ఒక్కసారి తడుముకుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఏమవుతుంది? తనకేమైంది? తడివేలు, అంతేగా. రోజుకి నాలుగు గంటలు. రాత్రి ఆవిడకీ హాయిగా నిద్రపడుతుంది. అందరికీ మంచిదే.

"అత్తయ్యగారూ, చెవి హోరు అన్నారు కదా. దానికి కొత్తగా బిళ్ళ వచ్చిందట. వెనక అంటిస్తే చాలు."

పైడితల్లమ్మ వెంటనే తల పక్కకి వంచింది. "నీ చేత్తో పెట్టు. నీ చెయ్యి మంచిది."

ఆ మాటకి ఇందుమతి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత బిళ్ళను గట్టిగా అదిమాయి.

పని చేసింది. అది కూడా ఎంత బాగానో! ఆ మధ్యాహ్నం పెద్దావిడ కిలో చింతపండు ఒలిచింది. బొబ్బిలిలో తన పెళ్ళికి వచ్చిన బ్యాండు మేళం వాళ్ళు దారి తప్పి వేరే పెళ్ళిలో వాయించిన సంగతి చెప్పి నవ్వించింది. ఐదింటికి బిళ్ళ తీసేశాక కూడా దీపాలు పెట్టే దాకా మెలకువగానే ఉంది. రాత్రి పదింటికి పడుకుని కుళాయి చప్పుడుకి గానీ లేవలేదు. ఇందుమతి ఐదు గంటలూ ఒక్క బిగిని నిద్రపోయింది. లేచేసరికి వంటింటి కిటికీ గాజు మీద మంచు కనపడింది. నాలుగేళ్ళుగా రోజూ చూసే కిటికీయే. దాని మీద మంచు పడుతుందని ఇప్పుడే తెలిసినట్టనిపించింది.

వారం సగటు ఎనభై ఆరుకి ఎక్కింది. ఆ మరుసటి వారం తొంభై మూడు.

"పావుగంట!" అంది డాక్టర్ ఎస్తేరు. "పన్నెండుంబావుకి పడుకోండి. నేను చెప్పలేదూ?"

ఇంటికొచ్చి చెబితే సన్యాసిరావు కూడా అదే అన్నాడు. "నేను చెప్పలేదూ? పగలు మాటల్లో పెట్టమని!"

ఆ పావుగంట ఆమెకు పట్టుచీర కంటే గొప్పగా తోచింది. పప్పులో ఉప్పు ఒక్కసారే పడింది. పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా చదివింది. బస్సులో దిగాల్సిన చోటే దిగింది.

పెద్దావిడ బొబ్బిలి కథలు నాలుగైదు రోజులకి ఆగిపోయాయి. ఒలిచే పని ఇస్తే ముట్టుకోవడం మానేసింది. కుర్చీలో నిటారుగా కూచుని గోడ వంక చూసేది. అన్నం సగం వదిలేసేది. ఒక మధ్యాహ్నం ఇందుమతి మజ్జిగ తీసుకెళ్ళేసరికి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ వెతుకుతోంది.

"ఏమైందత్తయ్యగారూ?"

"ఎవరో ఉన్నారే. కళ్ళు మూస్తే చాలు, వెనకనుంచి తడుముతున్నారు. తిరిగి సూస్తే ఎవరూ లేరు." గొంతు తగ్గించింది. "ఇంట్లో ఏదైనా చేరిందేమోనే. మధ్యాహ్నం పూట మా అమ్మ దగ్గరికెళ్ళి కూకునేదాన్ని. నాలుగు మాటలు మాట్లాడేది. ఇప్పుడు వెళ్ళనివ్వట్లేదు."

ఇందుమతి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆ క్షణంలోనే బిళ్ళ తీసేసి ఉండాల్సింది. అది ఆమెకు తెలుసు. కానీ ఆ రోజు గురువారం, శనివారంతో వారం ముగుస్తుంది. ఇంకో పావుగంట కలుస్తుంది. రెండు రోజులే కదా, ఆదివారం నుంచి మానేద్దామనుకుంది.

"ఏమీ లేదండీ. గాలి," అంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ అంటించింది. ఈసారి పెద్దావిడ తల వంచలేదు. ఇందుమతే వంచింది.

శనివారం ప్రయోగశాలలో డాక్టర్ ఎస్తేరు కూచోమని కూడా అనలేదు. తెర ఆమె వైపు తిప్పింది.

"మీ రోజుకి ఇరవై ఎనిమిది గంటలొస్తున్నాయండీ."

"అంటే?"

"ఒంటిగంట నుంచి ఐదు దాకా మీ రెండు కావళ్ళూ పనిచేశాయి. పద్దెనిమిది రోజుల నుంచి. మొదట యంత్రంలో తప్పనుకున్నాను. రెండు గీతలూ విడదీసి చూశాను." నీలం గీత మీద వేలు పెట్టింది. "ఇది మీది. మీకు అన్నిటికంటే కష్టమైన రోజు గుర్తుందా, మొదటి రోజు? ఏడ్చానన్నారు. ఆ రోజు కావలి మిమ్మల్ని ముప్ఫై ఎనిమిదిసార్లు ఆపింది." ఎర్రగీత మీదికి వేలు జరిపింది. ఆ గీత గీతలా లేదు. కుట్టుమిషను పిచ్చెక్కి కుట్టినట్టుంది. "ఇది నిన్నటిది. నాలుగు గంటల్లో నాలుగు వందల పన్నెండు. ఎవరిది ఇందుమతిగారూ?"

ఇందుమతి ఎర్రగీత వంక చూసింది. ముప్ఫై ఎనిమిదికే తను గోడకి తల కొట్టుకుంది. నిద్ర గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో తనకంటే బాగా ఎవరికి తెలుసు?

"మా అత్తగారిది."

"వయసు?"

"ఎనభై రెండు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఆవిడకి చెప్పే పెట్టారా?"

"చెవి హోరుకి అని చెప్పాను."

"చదువుకున్నవారు! ఆ వయసులో మెదడు అలా ముక్కలు ముక్కలుగానే నిద్రపోతుంది, దానికి అదే విశ్రాంతి. గుండెకి ఏదైనా అయ్యుంటే? మతి తప్పి ఉంటే? ప్రయోగం మొత్తం మూతపడేది. మిగతా పదకొండుమంది ఏమైపోవాలి?"

"తెలియక చేయలేదండీ."

"అదే కదా నా బాధ!"

అంతవరకూ తలొంచుకునే ఉన్న ఇందుమతి అప్పుడు తలెత్తింది. మాటలు గళ్ళు గీసినట్టే వచ్చాయి.

"చేసింది తప్పే. కాదనను. కానీ మీ కాగితంలో ఇరవై ఆరు ప్రశ్నలున్నాయి డాక్టరుగారూ. దిండు ఎత్తు అడిగారు. కిటికీ ఏ దిక్కు అని అడిగారు. రాత్రి మిమ్మల్ని ఎవరు పిలుస్తారు, పిలిస్తే ఎవరు లేస్తారు అని ఒక్క ప్రశ్న లేదు. ఎవరూ లేపకుండా చూసుకోండి అన్నారు. ఎలా చూసుకోను? ఆ ఐదు గంటలు మా ఇంట్లో ఎక్కడున్నాయో రెండు వారాలు వెతికాను. దొరకలేదు. ఆవిడ దగ్గర దొరికితే దొంగిలించాను."

డాక్టర్ ఎస్తేరు తెర ఆపేసింది. తర్వాత డబ్బా కోసం చెయ్యి చాపింది.

"రెండూ ఇచ్చెయ్యండి. మిమ్మల్ని ఉంచుకోలేను. నియమం." ఇందుమతి చెవి వెనక బిళ్ళ ఊడదీస్తూ నెమ్మదిగా అంది, "ఆ ప్రశ్న ఉండాల్సింది. అది నా తప్పు. మీ అత్తగారిని వెంటనే మంచి డాక్టరుకి చూపించండి. ఇంకో సంగతి, వెనక్కి పంపిన నిద్ర, కావలి తీసేసిన రోజే తిరిగి రాదు. కొన్నాళ్ళు పట్టొచ్చు."

చెవి వెనక జిగురు మరక తుడుచుకుంటూ ఇందుమతి మెట్లు దిగింది. బస్సులో రెప్పలు వాలాయి. ఎవరూ ఆపలేదు. రెండు స్టాపులు దాటిపోయి దిగింది.

డాక్టరు వచ్చి చూసి గుండె బాగానే ఉందన్నాడు. బలానికి ఏదో రాసిచ్చాడు. ఆయన వెళ్ళాక ఇందుమతి అత్తగారి కుర్చీ ముందు నేల మీద కూచుంది.

"అది చెవి మందు కాదత్తయ్యగారూ. మీరు పగలు పడుకోకుండా ఆపేది. వెనకనుంచి తడిమింది ఎవరో కాదు. నేనే పెట్టాను."

పైడితల్లమ్మకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"నా కునుకు నీకేటి అడ్డొచ్చిందే?"

"రాత్రి మెలకువొచ్చి పిలుస్తారు కదండీ. నాకు నిద్ర ఉండట్లేదు."

"పిలిస్తే నువ్వెందుకొస్తావు? నేను కన్నది వాణ్ణి గదా. వాణ్ణి లేపొచ్చుగా!"

"మీరు ఇందూ అనే పిలుస్తారు."

"పలికేవాళ్ళనే పిలుస్తారెవరైనా," అంది పెద్దావిడ విసురుగా. "మూడేళ్ళు సన్యాసీ అనే పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నువ్వే వచ్చేదానివి. సరే, వచ్చేదాన్నే పిలుద్దామని పేరు మార్చాను. నోరు పడిపోయేలా అరవడం నాకేం సరదానా?"

రోజూ రాత్రి ఆ పిలుపుకి లేచేది తనే. అందులో మొదట మరో పేరు ఉండేదన్న సంగతి కూడా ఆమె గమనించలేదు.

"లే, ఎదురుగా కూకోకు," అంది పైడితల్లమ్మ. "నీ మొహం సూడాలని లేదు."

మూడు రోజులు అత్తగారు ఆమెతో మాట్లాడలేదు. పళ్ళెం పెడితే తినేది. అడిగితే గోడకి జవాబు చెప్పేది. బిళ్ళ లేకపోయినా పగలు కునుకు పట్టలేదు. తల వాలబోయే ముందే తనకు తానే ఉలిక్కిపడి చెవి తడుముకునేది. రాత్రీ నిద్రలేదు, పగలూ లేదు. రాత్రి పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. పేరు మాత్రం పలకట్లేదు. "ఒసేయ్!" అంటోంది, అంతే. ఇందుమతి లేచి వెళ్ళేది. వెళ్ళి మంచినీళ్ళిచ్చేది. తిరిగి వచ్చి మంచం మీద కూచుని గుర్రు వినేది.

భర్తకి మొత్తం చెప్పింది. అతను చాలా బాధపడ్డాడు. "మా అమ్మకి అలా చేయడానికి నీకు మనసెలా ఒప్పింది ఇందూ?" అని రెండుసార్లు అన్నాడు. పావుగంట బాధపడి, తొమ్మిదింబావుకి పడుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దావిడ వరండాలో బల్ల మీద కూచుని ఉంది. కళ్ళ కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. ఇందుమతి గిన్నెలు తోమకుండానే వదిలేసి, వరండా తలుపు గొళ్ళెం వేసి, వచ్చి పక్కన కూచుంది.

"ఏటి, మళ్ళీ ఏదైనా అంటిద్దామనా?"

"నా చేతుల్లో ఏం లేదు. చూసుకోండి." రెండు అరచేతులూ చూపించింది.

పైడితల్లమ్మ నిజంగానే చూసింది, వేళ్ళ సందులతో సహా. తర్వాత ముఖం తిప్పుకుంది.

"మీ చెవి వెనక నా చెయ్యి అడ్డుపెడతాను," అంది ఇందుమతి. "ఎవరైనా తడిమితే నా చెయ్యే ముందు తగులుతుంది. మీరు చెప్పండి, తోసేస్తాను."

"పిల్లలకి చెప్పినట్టు చెబుతోంది," అని పెద్దావిడ గొణిగింది. కానీ చెయ్యి తీసేయమనలేదు.

చాలాసేపు ఏమీ కాలేదు. తల వాలింది, ఉలిక్కిపడింది. మళ్ళీ వాలింది, మళ్ళీ ఉలిక్కిపడింది. ఇందుమతి మనసులో లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిదోసారి పెద్దావిడ, "ఉన్నావా?" అంది. "ఉన్నానండీ." ముప్ఫై నాలుగోసారి వాలిన తల ఇక లేవలేదు. భుజం మీద బరువుగా, వెచ్చగా కుదురుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది. పెదాలు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కదిలాయి.

నాలుగుంబావుకి ఒళ్ళోని ఫోను వణికింది. ఎడంచేత్తో అందుకుంది.

"ఇందూ, తలుపు గొళ్ళెం వేసుందేంటి? ఎండలో నిలబడ్డాను."

"మీ అమ్మగారు నిద్రపోతున్నారు," అంది గుసగుసగా. "నా భుజం మీద. లేవను."

"అయ్యో, మంచిదే! మెల్లిగా దిండు పెట్టి రా."

"లేస్తే మెలకువొస్తుంది. మెట్ల మీద నీడ ఉంది, కూచోండి."

"ఎంతసేపు?"

"ఆవిడ లేచే దాకా."

అవతల నిట్టూర్పు వినిపించింది. మెట్ల మీద సంచి పెట్టిన చప్పుడు గోడ అవతల్నుంచీ, ఫోనులోంచీ రెండుసార్లు వినపడింది.

"ఆకలేస్తోంది ఇందూ."

"ఎలాగూ ఖాళీగా కూచున్నారు కనక వినండి. ఇవాళ్టి నుంచి రాత్రి ఆవిడ పిలిస్తే మీరు లేవాలి."

"నాకు వినపడదని వెయ్యిసార్లు..."

"నాకు వినపడుతుంది. నేను మిమ్మల్ని లేపుతాను. మీరు లేచి, ఆ గదిలోకి వెళ్ళి, నీళ్ళిచ్చి, తెల్లారలేదని చెప్పి వచ్చే దాకా నేను పడుకోను. నీళ్ళు చల్లి లేపాల్సొస్తే చల్లుతాను."

వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు. పైడితల్లమ్మ కదల్లేదు.

"అంటే రోజూనా?" అన్నాడు సన్యాసిరావు.

"రోజూ అని కాదు," అంది ఇందుమతి. "పిలిచినప్పుడల్లా."

ఫోను పెట్టేసింది.